గుత్తిలో గది ఉష్ణోగ్రత ఇరవై ఏడు

భౌతికశాస్త్రానికి పట్టిన అసలు పీడ ఏమిటో తెలుసా మీకు? ప్రయోగం!

అవునండీ, ప్రయోగమే. కాంతి, ధ్వని, అయస్కాంతత్వం, విద్యుత్తు. ఈ నాలుగూ పుస్తకంలో ఎంత బుద్ధిగా ఉంటాయి! చెప్పిన కోణంలో వంగుతాయి, చెప్పిన వేగంతో పోతాయి, చెప్పిన జవాబు దగ్గర ఆగుతాయి. వాటిని పుస్తకంలోంచి బయటికి తీసి బల్ల మీద పెట్టండి చూద్దాం. అప్పుడు మొదలవుతుంది తలనొప్పి. కటకం ఒకటి చెబుతుంది, రికార్డు ఇంకొకటి చెబుతుంది. మధ్యలో పసిపిల్లలు ఎవరి మాట వినాలి?

అందుకే ల్యాబుకు తాళం వేసి ఉంచే జూనియర్ కాలేజీలంటే నాకు గౌరవం. అవి జాతికి చేస్తున్న సేవను ఇంతవరకూ ఎవరూ గుర్తించలేదు. కనీసం ఒక శాలువా కూడా కప్పలేదు!

నమ్మకం లేకపోతే గుత్తిలో పద్మప్రియకు ఏం జరిగిందో వినండి. మంచి మనిషి. చదువుకున్న మనిషి. చేసిన తప్పల్లా ఒక్కటే. తాళం తీసింది.

పద్మప్రియది ధర్మవరం. ఇంట్లో రెండు మగ్గాలు, ఆరుగురు మనుషులు. నాయన నేసే పట్టుచీరలో ఒక్క పోగు తప్పినా దీపం పట్టుకుని వెతికే ఇల్లు అది. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివితే ఏమవుతుంది? కొలతల పిచ్చి రెండింతలవుతుంది. ఆ పిచ్చితోనే వచ్చి గుత్తిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరరుగా చేరింది.

కాలేజీ పేరు ఎందుకు లెండి. కింద మెడికల్ షాపు, దానిమీద రెండంతస్తుల క్లాసురూములు, అన్నిటికంటే పైన మేడ మీద రేకుల షెడ్డు. ఆ షెడ్డే ఫిజిక్సు ల్యాబు. కిటికీలోంచి చూస్తే కోట కొండ నిలువునా కనపడుతుంది. మధ్యాహ్నమైతే ఆ బండరాళ్ళ వేడి, నెత్తి మీద రేకుల వేడి రెండూ ల్యాబులోనే కలుసుకుంటాయి.

చేరిన మొదటి రోజే ఆమె అటెండర్ ఆంజినప్పను ల్యాబు తాళం అడిగింది.

"తాళమా మేడం?" అన్నాడు ఆంజినప్ప, ఎవరో చచ్చిపోయినవాళ్ళ పేరు విన్నట్టు. "యాడుండాదో చూడాల. పోయిన ప్రాక్టికల్సుకు తీసినాం."

తాళం దొరికింది. తలుపు తెరుచుకుంది. లోపల పావురాలు కాపురముంటున్నాయి.

సామాను మాత్రం లేకపోలేదు. అద్దాల బీరువాలో వోల్టుమీటర్లు వరుసగా ఉన్నాయి. పోయిన దసరాకు పెట్టిన విభూతి, కుంకుమ వాటి ముఖాన చెక్కు చెదరలేదు. ముల్లు ఎక్కడుందో కనపడదు గానీ బొట్టు మాత్రం కనపడుతుంది. గాజు పట్టకం ప్రిన్సిపాల్ గారి షోకేసులో, కప్పుల పక్కన అందంగా ఉంది. దండాయస్కాంతం ఆఫీసులో గుమాస్తా బల్ల మీద గుండుసూదులు పట్టుకుని ఉద్యోగం చేస్తోంది. చూశారా! కాంతికి ఒక గౌరవం, అయస్కాంతానికి ఒక ఉపాధి. ల్యాబులోనే పడి ఉంటే వాటికి ఈ యోగం దక్కేదా?

ప్రిన్సిపాల్ రాజేంద్ర సారు చెడ్డవాడు కాదు. పద్మప్రియను కూర్చోబెట్టి టీ తెప్పించి మరీ చెప్పాడు.

"చూడమ్మా, పదకొండేండ్లయింది మనం కాలేజీ పెట్టి. ప్రాక్టికల్స్‌లో ఒక్కరికి కూడా ఇరవైతొమ్మిది రాలేదు. అందరికీ ముప్ఫైకి ముప్ఫై! ల్యాబు తెరిస్తే ఏమైతాది? సామాను పగుల్తాది. సామాను పగిలితే పిల్లోళ్ళ గుండె పగుల్తాది. నువ్వు రికార్డులు రాపిచ్చు, చాలు."

రికార్డు! దాని గురించి రెండు మాటలు చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది.

కాలేజీ పెట్టిన ఏడు ఆనంద్ అని ఒక కుర్రవాడు చదివాడు. ముత్యాల్లాంటి చేతిరాత. అతను రాసిన ప్రాక్టికల్ రికార్డునే తర్వాతి బ్యాచి చూసి రాసింది. దాన్ని చూసి ఇంకో బ్యాచి. అట్లా పదకొండేళ్ళుగా ఆ కాలేజీలో ఏ కటకం తీసుకున్నా నాభ్యంతరం ఇరవై సెంటీమీటర్లే. ఏ తీగ తీసుకున్నా నిరోధం రెండు ఓములే. ఊళ్ళో కరెంటు పోయిన రోజున కూడా ఆ రికార్డులో కరెంటు పారుతుంది. అంత నమ్మకంగా పనిచేసే విద్యుత్తు మీకు ఇంకెక్కడైనా దొరుకుతుందా?

ఆనంద్ ఒకచోట, గాలిలో ధ్వని వేగం కనుక్కునే ప్రయోగంలో, ఐదు మెట్లు రాసి ఆకలేసి లేచినట్టున్నాడు. ఆరో మెట్టుగా తన గుర్తు కోసం రాసుకున్నాడు: "మిగతాది అన్నం తిన్నాక." పదకొండేళ్ళుగా ప్రతి విద్యార్థీ ఆ మాటను ఆరో మెట్టుగా గుండ్రటి అక్షరాలతో రాస్తున్నాడు. పదకొండు మంది ఎగ్జామినర్లు దాని పక్కన టిక్కు కొట్టారు.

అదే పేజీలో పైన ఇంకోటి ఉంది. "గది ఉష్ణోగ్రత: ఇరవై ఏడు డిగ్రీలు."

గుత్తిలో! రేకుల షెడ్డులో! మార్చి నెలలో! ఊటీలో ఇల్లు కట్టుకోలేని పేదవాడికి ఆనంద్ రికార్డు ఒక్కటే దిక్కు.

ఇదంతా చదివి పద్మప్రియ నవ్వుకుని ఊరుకుని ఉంటే కథే లేదు. ఆమె ఊరుకోలేదు. ఆదివారాల్లో ల్యాబు తెరుస్తాను, ఇష్టమున్నవాళ్ళు రండి అని క్లాసులో చెప్పింది. ఆదివారం వీక్లీ టెస్టు ఉంటుంది, టెస్టు అయ్యాక స్టడీ అవర్. ఎవరొస్తారు?

ఒక్కతే వచ్చింది. పేరు హీనా.

హీనా వాళ్ళ నాయన ఫకృద్దీన్‌కు పాత బస్టాండు వెనక మోటారు రీవైండింగు షాపు. లో వోల్టేజీకి కాలిపోయిన బోరు మోటార్లన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. రాగితీగ చుట్టలు చూస్తూ, లెక్కపెడుతూ పెరిగిన పిల్ల. తీగను ఒక్క చుట్టు తక్కువ చుట్టితే మోటారు ఎట్లా మూలుగుతుందో చెవితోనే చెప్పగలదు. ఆ పిల్లకు రెసొనెన్స్ గొట్టం చూపించడమంటే, మీరే ఆలోచించండి, ఎంత బాధ్యత లేని పని!

గొట్టమంటే పెద్ద యంత్రమేమీ కాదు. నీళ్ళలో నిలబెట్టిన పొడుగాటి గొట్టం. రెండు కొమ్ముల ఉక్కు శృతిదండాన్ని రబ్బరు మీద కొట్టి గొట్టం మూతి దగ్గర పట్టుకోవాలి. గొట్టాన్ని మెల్లగా పైకి లేపుతూ పోతే ఒకచోట ఉన్నట్టుండి సన్నటి మోత బుమ్మని పెరుగుతుంది. ఆ ఎత్తు కొలుచుకోవాలి. ఇంకా లేపితే ఇంకోచోట మళ్ళీ మోగుతుంది. అదీ కొలుచుకోవాలి. ఆ రెండు ఎత్తుల తేడాలోంచి ధ్వని వేగం వచ్చేస్తుంది.

మొదటిసారి అది మోగినప్పుడు హీనా గొట్టం వదిలేసి వెనక్కి గెంతింది. మేడం నిండా నీళ్ళు.

"మేడం! లోపల ఎవురో అరిసినట్లుండాదే!"

"గాలి అరిచింది. మళ్ళీ పట్టు."

మూడు ఆదివారాలు పట్టింది. మూడో ఆదివారానికి ఆ పిల్ల కళ్ళు మూసుకుని మిల్లీమీటరు తేడా లేకుండా మోత పట్టుకుంది. పద్మప్రియ ఎంత సంతోషించిందంటే, ముందు ఏం రాబోతోందో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ప్రాక్టికల్ పరీక్షల రోజు రానే వచ్చింది. మార్చి మొదటివారం, మధ్యాహ్నం రెండు గంటల బ్యాచి. ముప్ఫై మంది పిల్లలు. బయటి ఊరినుంచి ఎగ్జామినర్ రామదాసు సారు వచ్చాడు. రిటైర్మెంటుకు రెండేళ్ళున్న మనిషి. కిందనే భోజనమైంది. నాలుగున్నర బస్సు పట్టుకోవాలి.

పిల్లల చేత చీటీలు తీయించారు. ఏ ప్రయోగం ఎవరికి వస్తుందో అదృష్టం! ముప్ఫై మందికీ ధ్వని వేగమే వచ్చింది. చీటీలన్నిటి మీదా అదే రాసి ఉంటే అదృష్టం మాత్రం ఏం చేస్తుంది? ఆ ప్రయోగమైతే అందరికీ నోటికొచ్చునని రాజేంద్ర సారు ముందుచూపు.

ఉన్నది ఒకటే గొట్టం. పిల్లలు వరుసగా వచ్చి, దాని ముందు నిమిషం సేపు చేతులు కట్టుకుని నిలబడి, దండం పెట్టుకున్నంత పని చేసి, పోయి కూర్చుని రాశారు. మొదటి ఎత్తు పదహారు సెంటీమీటర్లు. రెండో ఎత్తు నలభైతొమ్మిది పాయింట్ తొమ్మిది. ధ్వని వేగం సెకనుకు మూడువందల నలభైఏడు పాయింట్ ఒకటి మీటర్లు. ఎంత ఐకమత్యం!

చివరగా హీనా వంతు వచ్చేసరికి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. అందరికీ చెమటలు, ఆ పిల్లకు పండగ. ఫ్యాను చప్పుడు లేదు కదా, మోత బాగా వినపడింది. పది నిమిషాలు గొట్టాన్ని లేపింది, దించింది, మళ్ళీ లేపింది. ఒకసారి పదహారు పాయింట్ నాలుగు. ఇంకోసారి యాభైఒకటి. లెక్క కట్టి రాసింది: మూడువందల యాభైనాలుగు పాయింట్ మూడు.

రామదాసు సారు పేపర్లు తిప్పుతూ వచ్చాడు. మూడునలభైఏడు, టిక్కు. మూడునలభైఏడు, టిక్కు. చెయ్యి దానంతటదే పోతోంది. ఒక పేపరు దగ్గర పెన్ను ఆగింది.

"ఎవరమ్మా ఇది? మూడువందల యాభైనాలుగా? తప్పు కదా."

"తప్పు కాదు సార్. నేను చేసినా," అంది హీనా.

"అందరూ చేసినారు కదమ్మా!"

హీనా అందరి వైపూ చూసింది. అందరూ పేపర్ల వైపు చూశారు.

రామదాసు సారు నెమ్మదస్తుడు. రబ్బరు తీసి ఆ పిల్ల ముందు పెట్టాడు. "అయిదు నిమిషాలు టైమిస్తా. పక్కనోళ్ళది చూసి సరిచేసుకో. నీ మార్కులు తీసేది నాకూ ఇష్టం లేదు."

పరీక్ష హాల్లో పక్కవాళ్ళది చూసి రాయమని స్వయంగా ఎగ్జామినరే చెప్పడం! ఇంతకంటే దయ ఉంటుందా? ఆ మొండిపిల్ల రబ్బరు ముట్టుకోలేదు. "నాకు వినపడింది రాసినా సార్. వినపడంది ఎట్ల రాయల్ల?" అంది.

రాజేంద్ర సారు పద్మప్రియను తలుపు బయటికి పిలిచాడు. "ఏమమ్మా ఇది? ఎనిమిది మార్కులు పోతాయంటాండాడు ఆయన. పాప బాగా చదువుతాది, పాప నాయనకు నేనేం చెప్పల్ల? పదకొండేండ్ల పేరు పోతాది. నువ్వు చెప్తే వింటాది. పోయి మార్పిచ్చు. లేదంటే వచ్చే ఏడు నీకు క్లాసులు ఇచ్చేది కష్టం."

పద్మప్రియ లోపలికి వచ్చి హీనా పక్కన నిలబడింది. ఆ నిమిషంలో, నిజం చెప్పాలంటే, మార్చమని చెబుదామనే వచ్చింది. ఎనిమిది మార్కులు ఎవరి మార్కులు? తన పిచ్చికి ఈ పిల్ల ఎందుకు బలి కావాలి? ఉద్యోగం పోతే ధర్మవరంలో మొహం ఎట్లా చూపించాలి? నోరు తెరిచింది కూడా. హీనా తలెత్తి, "మీరు కూడా విన్నారు కదా మేడం," అంది. అంతే. తెరిచిన నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"సార్, గది ఉష్ణోగ్రత ఎంతుందో చూద్దామా?"

"ఇరవై ఏడు," అన్నాడు రాజేంద్ర సారు.

"ఇరవై ఏడు," అన్నారు ఇరవైతొమ్మిది మంది పిల్లలు.

"థర్మామీటరు పెట్టి చూద్దాం సార్. గాలి వేడెక్కే కొద్దీ ధ్వని వేగం పెరుగుతుంది, మీకు తెలియంది కాదు."

ల్యాబులో థర్మామీటరు ఉంది. కొన్న నాటి సీలుతో సహా బీరువాలో ఉంది. ఆ బీరువా తాళం చెవి ఏ దేశంలో ఉందో ఎవరికీ తెలియదు. అప్పుడు ఆంజినప్ప చెప్పా పెట్టకుండా మూడంతస్తులు దిగిపోయి, మెడికల్ షాపులోంచి జ్వరం చూసే థర్మామీటరు పట్టుకొచ్చాడు. బల్ల మీద ఉట్టి గాలిలో పెట్టాడు. అది కాసేపటికి కీచుమంది. ఆంజినప్ప దాన్ని కళ్ళకు దగ్గరగా పట్టుకుని చూసి అదిరిపడ్డాడు.

"సార్! గదికి నూటొక్క జ్వరం ఉండాది!"

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ముప్ఫై మందీ నవ్వారు. రామదాసు సారు నవ్వలేదు. థర్మామీటరు తీసుకుని, జేబులోంచి కాగితం తీసి, ఫారెన్‌హీటును సెంటీగ్రేడులోకి మార్చాడు. ముప్ఫైఎనిమిది పాయింట్ మూడు. దాన్ని సూత్రంలో పెట్టాడు. ఒకసారి చేశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చేశాడు.

మూడువందల యాభైనాలుగు.

చూశారా ప్రయోగం ఎంత ప్రమాదకరమో! ఇప్పటిదాకా ఇరవైతొమ్మిది మంది ఒప్పు, ఒక్కతె తప్పు. హాయిగా ఉండింది. ఇప్పుడు ఒక్కతె ఒప్పు. మరి ఇరవైతొమ్మిది మంది?

"వాళ్ళు చేసేటప్పుడు గది చల్లగుండింది సార్," అన్నాడు రాజేంద్ర సారు.

ఈ వాక్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను. అరగంట కింద, అదే షెడ్డులో, ఇరవైతొమ్మిది మందికి మాత్రమే చల్లగా ఉండింది!

రామదాసు సారు ఆయన వైపు చూశాడు. ఇరవైతొమ్మిది మంది పిల్లల ముఖాలూ చూశాడు. వాళ్ళకు రికార్డు ఇచ్చినవాళ్ళెవరు, టిక్కులు కొట్టినవాళ్ళెవరు? అందులో తనూ ఒకడే కదా. అందరికీ ముప్ఫైకి ముప్ఫై వేసి సంతకం చేశాడు. హీనాకూ ముప్ఫై. ప్రయోగం చేస్తే ముప్ఫై, చేయకపోతే ముప్ఫై. ఇంతకంటే సమానత్వం ఏ పార్టీ తేగలదు?

పిల్లలు లేచారు. రాజేంద్ర సారు ఊపిరి పీల్చుకున్నాడు. బస్సుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. కానీ రామదాసు సారు సంచి తీసుకోలేదు. గొట్టం దగ్గరికి పోయి, పద్మప్రియకు మాత్రమే వినపడేటట్టు అడిగాడు.

"అమ్మా, అది ఎట్ల మోగుతాదో ఒకసారి చూపిస్తావా? మా కాలేజీలో కూడా మేం రికార్డే రాసినాం. ముప్ఫైమూడేండ్ల సర్వీసు. ఎప్పుడూ వినలేదు."

పద్మప్రియ హీనాను పిలిచింది. హీనా శృతిదండం కొట్టి ఆయన చేతికిచ్చింది. ఆయన వంగి, చెవి గొట్టం మూతి దగ్గర పెట్టాడు. హీనా గొట్టాన్ని మెల్లగా లేపింది. మోత పెరిగింది. రామదాసు సారు అలాగే వంగి ఉండిపోయాడు. మోత ఆగిపోయాక కూడా లేవలేదు. లేచి, "ఇంకోసారి" అన్నాడు.

నాలుగున్నర బస్సు పోయింది.

అసలు నష్టం అప్పుడు జరిగింది. బయటికి పోతున్న పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. ఒకడు వచ్చి గొట్టం దగ్గర నిలబడ్డాడు. తర్వాత ఇద్దరు. కింది క్లాసులకు కబురు ఎట్లా పోయిందో గానీ, మెట్ల మీద మెడికల్ షాపు దాకా వరుస! రాజేంద్ర సారు మెట్లకు అడ్డం నిలబడి, "మార్కులు వేసేసినారు కదా, ఇంకా ఏముండాదని వచ్చినారు?" అని అరిచాడు. వరుసలో ఉన్న చంద్రిక అనే పిల్ల అమాయకంగా చెప్పింది: "వినేకి సార్."

సోమవారం నాటికి ల్యాబు తలుపుకు కొత్త తాళం, తాళం పైన కొత్త నోటీసు. "ఫిజిక్సు ల్యాబులో శబ్దం చేయరాదు. ప్రిన్సిపాల్." పద్మప్రియ దాన్ని రెండుసార్లు చదివింది. ఉద్యోగం ఉందో లేదో ఇంకా ఎవరూ చెప్పలేదు. చెప్పేదాకా ఉన్నట్టే అనుకుంది. సాయంత్రం హీనాను వెంటబెట్టుకుని ఫకృద్దీన్ షాపుకు పోయింది. ఆయన ప్లాస్టిక్ పైపు రెండు మూరల ముక్క కోసి, అంచులు ఆకురాయితో రుద్ది ఇచ్చాడు.

మంగళవారం మధ్యాహ్నం రెండో అంతస్తు వరండాలో బక్కెట్టు నిండా నీళ్ళు, నీళ్ళలో పైపు, పరీక్ష రోజు పద్మప్రియ సంచిలోనే ఉండిపోయిన శృతిదండం, చుట్టూ పిల్లలు. రాజేంద్ర సారు పరుగెత్తుకొచ్చాడు.

"నోటీసు చూడలేదా మేడం?"

"చూసినా సార్. ల్యాబులో అని ఉండాది. ఇది వరండా."

ఆయన వరండా గురించి రూలు కోసం వెతుకుతున్నాడు. ఇంకా దొరికినట్టు లేదు.

పాఠకులారా, ఇప్పుడైనా ఒప్పుకుంటారా? ఒక్క తాళం తీసినందుకు ఒక ఎగ్జామినర్ బస్సు పోయింది, ఒక ప్రిన్సిపాల్‌కు బీపీ వచ్చింది. పోనీ, అక్కడితో ఆగిందా? ఆ పిల్లలు పూర్తిగా చెడిపోయారు. వోల్టుమీటరు మీది కుంకుమ తుడిచి ముల్లు చూపించమంటున్నారట. షోకేసులోని పట్టకం ఎండలో పెడితే ఏమవుతుందని అడుగుతున్నారట. మొన్న ఒకడు స్టాఫ్ రూములోకే వచ్చి, "సార్, ఇది ఎందుకు ఇట్లయితాది?" అన్నాడట. పదకొండేళ్ళుగా చెబుతున్న సీనియర్ లెక్చరరు ఆ రోజు సెలవు పెట్టి ఇంటికి పోయాడు.

పోక ఏం చేస్తాడు పాపం? ఫిజిక్సు సారును పట్టుకుని ఫిజిక్సు అడిగితే!